ఎల్. రాన్ హబ్బర్డ్

లఫాయెట్ రొనాల్డ్ హబ్బర్డ్ (మార్చి 13, 1911 - జనవరి 24, 1986) అమెరికా దేశానికి చెందిన రచయిత, సైంటాలజీ అనే మతోద్యమ స్థాపకుడు. ఎల్. రాన్ హబ్బర్డ్ అనే పేరుతో ప్రసిద్ధుడు. సాహస కథలు, వైజ్ఞానిక కల్పనా కథలు వ్రాసి పేరు తెచ్చుకున్న ఇతడు 1950లో డయానెటిక్స్ అనే మానసిక సాధనా పద్ధతిని ప్రకటించాడు. కొద్ది సంవత్సరాలలోనే దాని నుండి సైంటాలజీ పుట్టింది. అనుచరులు ఇతనిని మానవాళికి విముక్తి మార్గం చూపిన మహనీయునిగా భావిస్తారు. పలు దేశాల న్యాయస్థానాలు, విచారణ సంఘాలు మాత్రం ఇతనిని గురించి కఠినమైన అభిప్రాయాలు వెలిబుచ్చాయి.

ఇరవయ్యవ శతాబ్దంలో పుట్టిన నూతన మతాలలో సైంటాలజీ అత్యంత వివాదాస్పదమైన వాటిలో ఒకటి. దానికి ముఖ్య కారణాలలో ఒకటి, తనకు శత్రువులని భావించిన వారితో అది వ్యవహరించిన తీరు. ఆ తీరుకు ఆధారమైన నియమాలను స్వయంగా హబ్బర్డే వ్రాశాడు. వాటి మూలాలు చాలావరకు ఇతని జీవితంలోనే కనిపిస్తాయి.

జననం, బాల్యం

హబ్బర్డ్ 1911 మార్చి 13న నెబ్రాస్కా రాష్ట్రంలోని టిల్డెన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి హ్యారీ రాస్ హబ్బర్డ్ తరువాతి కాలంలో నౌకాదళ అధికారి అయ్యాడు. తల్లి లెడోరా మే ఉపాధ్యాయ శిక్షణ పొందిన మహిళ. బాల్యంలో ఎక్కువ భాగం మోంటానా రాష్ట్రంలోని హెలెనాలో గడిచింది. తండ్రి ఉద్యోగరీత్యా 1927, 1928 సంవత్సరాలలో గ్వామ్ దీవికి వెళ్ళి, ఆ సందర్భంగా చైనాను కూడా చూశాడు. ఆసియాలోని జ్ఞానుల వద్ద తాను విద్య గడించినట్లు తరువాతి కాలంలో హబ్బర్డ్ చెప్పుకున్నాడు. చరిత్ర పరిశోధకులకు దానికి ఆధారాలు లభించలేదు.

1930లో వాషింగ్టన్ నగరంలోని జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదవడానికి చేరాడు. మార్కులు సరిగా రాక 1932లో పట్టా పుచ్చుకోకుండానే చదువు మానివేశాడు. 1933లో మార్గరెట్ గ్రబ్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగారు.

రచయితగా

1930లలో అమెరికాలో పల్ప్ పత్రికలుగా పిలువబడే చౌకధర కథల పత్రికలకు మంచి గిరాకీ ఉండేది. హబ్బర్డ్ వీటికి అతి వేగంగా కథలు వ్రాసి పంపేవాడు. పడమటి దేశపు కథలు, సముద్రయాన కథలు, అపరాధ పరిశోధన కథలు, వైజ్ఞానిక కల్పనా కథలు అన్నీ వ్రాశాడు. జాన్ డబ్ల్యు. కాంప్‌బెల్ సంపాదకత్వంలోని అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్ పత్రిక ద్వారా ఇతని పేరు బాగా వ్యాపించింది. 1940లో వెలువడిన ఫియర్, ఫైనల్ బ్లాకవుట్ అనే రచనలను ఆ రంగపు విమర్శకులు ఇప్పటికీ మెచ్చుకుంటారు.

నౌకాదళంలో

1941లో హబ్బర్డ్ అమెరికా నౌకాదళ రిజర్వులో లెఫ్టినెంటు హోదాలో చేరాడు. 1943లో పీసీ-815 అనే జలాంతర్గాముల వేట నౌకకు ఇతనిని అధిపతిగా నియమించారు. ఆ సంవత్సరం మే నెలలో ఈ నౌక ఆస్టోరియా నుండి శాన్ డియాగోకు బయలుదేరింది. ఒరెగాన్ తీరం దగ్గర సోనార్ పరికరంలో వినిపించిన ప్రతిధ్వనిని బట్టి నీటి అడుగున జపాన్ జలాంతర్గామి ఉన్నదని హబ్బర్డ్ నిర్ణయించాడు. దాదాపు 68 గంటలపాటు దాడి సాగింది. సహాయానికి ఇతర నౌకలు, గాలి ఓడలు కూడా వచ్చాయి. నీటి లోతున పేలే బాంబులను డజన్లకొద్దీ జారవిడిచారు. ఒక జలాంతర్గామిని ముంచివేశామని, మరొక దానిని తీవ్రంగా దెబ్బతీశామని హబ్బర్డ్ నివేదిక పంపాడు.

ఆ ప్రాంతపు నౌకాదళాధిపతి అడ్మిరల్ ఫ్రాంక్ జాక్ ఫ్లెచర్ ఈ విషయంపై విచారణ జరిపించాడు. అక్కడ జలాంతర్గామి ఏదీ లేదని, ఆ చోట సముద్రగర్భంలో అయస్కాంత ఖనిజ నిక్షేపం ఉన్నదని నిర్ధారించాడు. ఈ నిర్ణయాన్ని హబ్బర్డ్ ఎన్నడూ అంగీకరించలేదు. జూన్ నెలాఖరులో ఇదే నౌక మెక్సికోకు చెందిన కొరొనాడో దీవుల వైపు ఫిరంగులు పేల్చడంతో ఇతనిని ఆ పదవి నుండి తొలగించారు. యుద్ధం ముగిసేనాటికి కడుపులో పుండుతో ఓక్లండ్ నౌకాదళ ఆసుపత్రిలో ఉన్నాడు. యుద్ధంలో తాను గాయపడి, అంధుడై, స్వయంకృషితో కోలుకున్నట్లు తరువాత చెప్పుకున్నాడు. నౌకాదళ దస్త్రాలలో దీనికి ఆధారం లేదు.

1946లో మొదటి భార్యతో విడాకులు కాకముందే సారా నార్త్రప్‌ను వివాహమాడాడు. 1947లో తనకు మానసిక వైద్య చికిత్స కావాలని మాజీ సైనికుల సంక్షేమ సంస్థకు ఉత్తరం వ్రాశాడు. తరువాతి జీవితమంతా మానసిక వైద్యులను ప్రధాన శత్రువులుగా భావించిన వ్యక్తి జీవితంలో ఇది గమనింపదగిన విషయం.

డయానెటిక్స్, తొలి విరోధాలు

1950 మే నెలలో డయానెటిక్స్ గ్రంథం వెలువడింది. బాధాకరమైన అనుభవాలు మనస్సులో ఎన్‌గ్రామ్‌లు అనే ముద్రలుగా నిలిచిపోతాయని, వాటిని ఒక సహాయకుని ఎదుట తిరిగి జ్ఞాపకం చేసుకోవడం ద్వారా తొలగించవచ్చని ఈ గ్రంథ సారాంశం. ఈ ప్రక్రియకు ఆడిటింగ్ అని పేరు. ముద్రలన్నీ తొలగినవారిని క్లియర్ అంటారు. పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. అనేక నగరాలలో డయానెటిక్స్ కేంద్రాలు వెలిశాయి.

వైద్యరంగం నుండి వచ్చిన ప్రతిస్పందన దీనికి పూర్తిగా భిన్నమైనది. 1950 సెప్టెంబరులో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఈ పద్ధతికి శాస్త్రీయమైన ఋజువులు లేవని, చికిత్సలో దీనిని వాడరాదని తీర్మానించింది. 1951 జనవరిలో న్యూజెర్సీ వైద్య మండలి అనుమతి లేకుండా వైద్యవిద్య బోధిస్తున్నారని అక్కడి కేంద్రంపై దావా వేసింది. అంతకుముందు 1950 ఆగస్టులో లాస్ ఏంజిలెస్‌లోని ష్రైన్ ఆడిటోరియంలో వేలాదిమంది ఎదుట ప్రపంచంలోని మొదటి క్లియర్‌గా ఒక యువతిని ప్రవేశపెట్టగా, సంపూర్ణ జ్ఞాపకశక్తి గలదని చెప్పబడిన ఆమె సభికుల సాధారణ ప్రశ్నలకు కూడా సమాధానం చెప్పలేకపోయింది.

సంస్థ అప్పులలో పడింది. తొలి సహచరులైన వైద్యుడు జోసెఫ్ వింటర్ వంటివారు విడిపోయారు. సారా విడాకులు కోరింది. ఈ కష్టాలకు కారణం సంస్థ నిర్వహణలోనో, పద్ధతిలోనో ఉండవచ్చని హబ్బర్డ్ భావించలేదు. 1951లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ.కి ఉత్తరాలు వ్రాసి, తన సహచరులలో కొందరిని, చివరకు తన భార్యను కూడా కమ్యూనిస్టులుగా పేర్కొన్నాడు. ఆంతరంగికంగా వచ్చిన చీలికను బయటి కుట్రగా చూడడం ఇతని జీవితంలో అప్పటి నుండి పదేపదే కనిపిస్తుంది.

సైంటాలజీ స్థాపన

1952లో విచిటా నగరంలోని డయానెటిక్స్ సంస్థ దివాలా తీసింది. డయానెటిక్స్‌పై హక్కులు కూడా కొంతకాలం చేజారిపోయాయి. ఆ సంవత్సరమే హబ్బర్డ్ ఫీనిక్స్ నగరం కేంద్రంగా సైంటాలజీని ప్రారంభించాడు. మానవుడు శరీరం కాదని, అనేక జన్మలెత్తిన థేటన్ అనే ఆత్మ అని ఇందులోని ప్రధాన విశ్వాసం. ఆడిటింగ్‌లో చర్మపు విద్యుత్ నిరోధంలోని మార్పులను సూచించే ఈ-మీటర్ అనే పరికరాన్ని వాడసాగారు. అదే సంవత్సరం మేరీ స్యూ విప్‌ను వివాహమాడాడు. 1953 డిసెంబరులో న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్డెన్‌లో చర్చ్ ఆఫ్ సైంటాలజీ నమోదయింది. 1954లో కాలిఫోర్నియా శాఖ ఏర్పడింది.

1955లో హబ్బర్డ్ తన అనుచరుల కోసం ప్రచార పద్ధతులపై ఒక కరదీపిక వ్రాశాడు. అనుమతి లేకుండా సైంటాలజీ పేరును వాడుకొనేవారిపై దావా వేసే విషయం అందులో ఉన్నది. దావా ఉద్దేశం గెలవడం కంటే ఎదుటివానిని వేధించి నిరుత్సాహపరచడమేనని ఇతని సూచన. ఈ భాగాన్ని ఆ తరువాతి దశాబ్దాలలో అనేక న్యాయస్థానాలలో సంస్థకు వ్యతిరేకంగా సాక్ష్యంగా చూపించారు.

ప్రభుత్వాలతో ఘర్షణ

1959లో హబ్బర్డ్ ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ వద్ద గల సెయింట్ హిల్ మేనర్ అనే భవనాన్ని జైపూర్ మహారాజా నుండి కొనుగోలు చేసి, కుటుంబంతో అక్కడికి మారాడు. 1960లలో అక్కడి నుండే ప్రపంచవ్యాప్తంగా శాఖలను నడిపాడు. ఇదే కాలంలో ప్రభుత్వాలతో ఘర్షణలు మొదలయ్యాయి.

1963 జనవరి 4న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వాషింగ్టన్‌లోని సైంటాలజీ కేంద్రంపై దాడి చేసి, రోగాలు నయం చేస్తాయని తప్పుడు ప్రచారం జరుగుతున్నదనే కారణంతో ఈ-మీటర్లను స్వాధీనం చేసుకున్నది. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం న్యాయవాది కెవిన్ ఆండర్సన్‌తో విచారణ సంఘాన్ని నియమించింది. 1965లో వెలువడిన నివేదిక సైంటాలజీని అత్యంత తీవ్రంగా ఖండించింది. వెంటనే ఆ రాష్ట్రం సైంటాలజీని నిషేధించింది. 1966లో హబ్బర్డ్ రొడీషియా వెళ్ళగా అక్కడి ప్రభుత్వం ఇతని అనుమతిని పొడిగించక తిప్పి పంపింది. 1967లో అమెరికా ఆదాయపు పన్ను శాఖ కాలిఫోర్నియా శాఖకు ఇచ్చిన పన్ను మినహాయింపును రద్దు చేసింది. 1968లో బ్రిటన్ ఆరోగ్య మంత్రి కెన్నెత్ రాబిన్సన్ విదేశీ సైంటాలజీ విద్యార్థుల రాకను నిషేధించాడు. హబ్బర్డ్‌కు కూడా ఆ దేశంలో ప్రవేశం లేకుండా పోయింది.

ఈ చర్యలన్నీ న్యాయమైనవని చెప్పడానికి వీలులేదు. బ్రిటన్ ప్రభుత్వం తరఫున విచారణ జరిపిన సర్ జాన్ ఫోస్టర్ 1971లో ఇచ్చిన నివేదికలో సంస్థ పద్ధతులను విమర్శిస్తూనే, విదేశీ విద్యార్థులపై నిషేధాన్ని కూడా తప్పుపట్టాడు. ఆ నిషేధాన్ని 1980లో ఎత్తివేశారు. 1983లో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం సైంటాలజీ మతమేనని తీర్పు చెప్పింది. అయితే వేరువేరు దేశాలలో వేరువేరు కారణాలతో జరిగిన ఈ చర్యల వెనుక ఒకే శక్తి ఉన్నదని హబ్బర్డ్ నమ్మాడు. ప్రపంచ మానసిక ఆరోగ్య సమాఖ్య, దానికి సంబంధించిన మానసిక వైద్యులు పత్రికలను, ప్రభుత్వాలను తనపై ఉసిగొల్పుతున్నారని ఇతని అభిప్రాయం.

శత్రువును గురించిన సిద్ధాంతం

1960లలో హబ్బర్డ్ శత్రువుల విషయాన్ని సిద్ధాంతంగా రూపొందించాడు. ఇతరుల అభివృద్ధిని సహించలేక అణచివేయజూసే వ్యక్తికి సప్రెసివ్ పర్సన్ అని పేరు పెట్టాడు. జనాభాలో నూటికి రెండున్నర మంది ఇటువంటివారని, వారి ప్రభావానికి లోనైన వారిని కలుపుకుంటే నూటికి ఇరవైమంది అవుతారని బోధించాడు. సైంటాలజీని బహిరంగంగా విమర్శించడం, దానిపై ప్రభుత్వానికి సాక్ష్యం చెప్పడం, దానిని బహిరంగంగా విడిచిపోవడం వంటివి అణచివేత చర్యలుగా పరిగణించబడ్డాయి. అటువంటివారితో కుటుంబ సభ్యులైనా సంబంధం తెంచుకోవాలనే నియమం డిస్‌కనెక్షన్ అనే పేరుతో అమలులోకి వచ్చింది. దీనివలన ఎన్నో కుటుంబాలు విడిపోయాయి.

ఈ సిద్ధాంతంలోని కీలకాంశం, విమర్శకుడు తప్పక నేరస్థుడై ఉంటాడన్న నమ్మకం. తన రహస్య నేరాలు బయటపడతాయనే భయంతోనే ఎవరైనా సైంటాలజీని విమర్శిస్తారని హబ్బర్డ్ వాదన. అందువలన విమర్శకు సమాధానం చెప్పుకోవడం అనవసరం. విమర్శించినవాని గతాన్ని తవ్వి, దొరికిన దానిని ప్రచురించడమే సరైన సమాధానం. 1966లో వ్రాసిన ఆదేశాలలో ఈ విధానాన్ని వివరంగా తెలిపాడు. నేరం దొరకకపోతే ఇంకా బాగా వెతకాలనేదే దీని పర్యవసానం. విమర్శ నిజమా, కాదా అని పరిశీలించే అవకాశం ఈ విధానంలో లేదు.

లోపలివారి విషయంలో కూడా ఇదే అనుమానం పనిచేసింది. 1961 నుండి సభ్యులను ఈ-మీటరు సహాయంతో సెక్యూరిటీ చెక్ పేరిట ప్రశ్నించేవారు. హబ్బర్డ్‌ను గురించి మనస్సులో చెడుగా అనుకున్నారా అన్నది కూడా ఆ ప్రశ్నలలో ఒకటి.

1967 అక్టోబరులో వెలువడిన ఆదేశం అన్నిటికంటే ప్రసిద్ధమైనది. శత్రువుగా ప్రకటించబడిన వ్యక్తి ఫెయిర్ గేమ్, అనగా ఎవరైనా వేటాడదగిన జంతువు వంటివాడని అందులో పేర్కొన్నాడు. అతని ఆస్తి లాగుకున్నా, మోసగించినా, హాని చేసినా సైంటాలజిస్టుకు సంస్థలో శిక్ష ఉండదు. బయట నిరసన రావడంతో 1968 అక్టోబరులో ఆ పేరును వాడరాదని మరొక ఆదేశం జారీ చేశాడు. ఆ పేరు వలన ప్రజలలో చెడ్డపేరు వస్తున్నదని అందులో కారణం చూపాడు. అణచివేసే వ్యక్తుల పట్ల వ్యవహరించే పద్ధతిలో మార్పు లేదని కూడా అదే ఆదేశంలో ఉన్నది. ఆ విధానం 1968లోనే పూర్తిగా రద్దయిందని సంస్థ వాదిస్తుంది. అది పేరు లేకుండా కొనసాగిందని మాజీ సభ్యులు న్యాయస్థానాలలో సాక్ష్యం చెప్పారు.

గార్డియన్ కార్యాలయం

1966 మార్చిలో హబ్బర్డ్ సంస్థ రక్షణ కోసం గార్డియన్ కార్యాలయం అనే విభాగాన్ని నెలకొల్పి, భార్య మేరీ స్యూను దానికి అధిపతిగా నియమించాడు. న్యాయ వ్యవహారాలు, ప్రజా సంబంధాలు, ఆర్థిక విషయాలతో పాటు గూఢచర్యం కూడా దీని విధులలో చేరింది. విమర్శకుల వివరాలు సేకరించడం, వారి సంస్థలలో తమ మనుషులను ప్రవేశపెట్టడం దీని పని.

మానసిక వైద్యంపై పోరాటం కూడా ఈ విభాగం ద్వారానే సాగింది. 1969లో బ్రిటన్‌లోని జాతీయ మానసిక ఆరోగ్య సంఘంలో సైంటాలజిస్టులు వందలాదిగా సభ్యులుగా చేరి, ఎన్నికలలో పదవులు పొందడానికి ప్రయత్నించారు. సంఘం వారిని తొలగించగా న్యాయస్థానానికి వెళ్ళి ఓడిపోయారు. అదే సంవత్సరం అమెరికాలో మానసిక వైద్యంలోని దురాచారాలపై పోరాడే ఒక సంస్థను మనోవైద్యుడు థామస్ సాజ్‌తో కలిసి స్థాపించారు.

సముద్రంపై జీవితం

1967లో హబ్బర్డ్ సీ ఆర్గ్ అనే అంతరంగిక దళాన్ని ఏర్పాటు చేసి, కొన్ని నౌకలను కొని సముద్రంపై నివాసం ప్రారంభించాడు. ప్రధాన నౌక రాయల్ స్కాట్‌మన్‌కు తరువాత అపోలో అని పేరు మార్చారు. హబ్బర్డ్ కమొడోర్ హోదా స్వీకరించాడు. ఏడున్నర కోట్ల సంవత్సరాల క్రితం జీను అనే నక్షత్ర మండలాధిపతి చేసిన ఘోరమే మానవుల బాధలకు మూలమనే రహస్య బోధన కూడా ఈ కాలానిదే. 1968లో పనిలో పొరపాటు చేసిన సభ్యులను నౌకపై నుండి సముద్రంలోకి తోసే శిక్ష అమలయింది.

నౌకలు ఏ రేవులోనూ ఎక్కువ కాలం నిలువలేకపోయాయి. 1969లో గ్రీసు ప్రభుత్వం కార్ఫూ దీవి నుండి వెళ్ళగొట్టింది. 1972లో మొరాకో విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆ సంవత్సరాంతం నుండి కొన్ని నెలలపాటు హబ్బర్డ్ న్యూయార్కులో రహస్యంగా నివసించాడు. ఫ్రాన్సులో మోసం కేసు నడుస్తుండడమే దీనికి కారణం. 1978లో అక్కడి న్యాయస్థానం ఇతని పరోక్షంలో నాలుగు సంవత్సరాల జైలు శిక్ష విధించింది.

1974 అక్టోబరులో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవిలోని ఫుంచల్ రేవులో అపోలో నౌకపై జనసమూహం రాళ్ళ దాడి చేసింది. రేవులో ఉన్న సంస్థ వాహనాలను సముద్రంలోకి తోసివేశారు. రహస్యంగా మసలుతూ, తాము ఎవరో స్పష్టంగా చెప్పని ఈ నౌకను అక్కడివారు అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. నౌకగా అనుమానించారు. గూఢచారులు తనను వెంటాడుతున్నారని నమ్మి సముద్రం పాలైన వ్యక్తిని ప్రజలు గూఢచారిగా భావించడం ఈ ఘటనలోని విచిత్రం.

1975లో సంస్థ ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్ పట్టణంలో వేరే పేరుతో ఫోర్ట్ హారిసన్ హోటలును కొని అక్కడ స్థిరపడింది. అసలు కొనుగోలుదారులెవరని ప్రశ్నించిన మేయర్ గేబ్రియల్ కజారెస్ కూడా శత్రువుల జాబితాలో చేరాడు. అతడు కారుతో మనిషిని గుద్ది పారిపోయినట్లు చూపడానికి 1976లో ఒక కల్పిత ప్రమాదాన్ని సృష్టించారు.

పాలెట్ కూపర్ ఉదంతం

శత్రువును గురించిన సిద్ధాంతం ఆచరణలో ఎటువంటిదో పాలెట్ కూపర్ అనే రచయిత్రి అనుభవం వలన తెలుస్తుంది. ఈమె 1942లో బెల్జియంలో యూదు కుటుంబంలో జన్మించింది. తల్లిదండ్రులు నాజీల చేతిలో మరణించగా, బాల్యంలోనే అమెరికా దంపతులకు దత్తపుత్రిక అయింది. 1971లో సైంటాలజీని విమర్శిస్తూ ఒక పుస్తకం ప్రచురించింది. సంస్థ ఈమెపై వివిధ న్యాయస్థానాలలో పందొమ్మిది దావాలు వేసింది.

1972 చివరలో సంస్థ న్యూయార్కు కార్యాలయానికి బాంబు బెదిరింపు ఉత్తరాలు వచ్చాయని ఫిర్యాదు అందింది. ఒక ఉత్తరంపై కూపర్ వేలిముద్ర ఉన్నది. 1973 మేలో ఈమెపై నేరారోపణ జరిగింది. తాను నిర్దోషినని ఎంత చెప్పినా నమ్మినవారు తక్కువ. విచారణ కోసం ఎదురుచూస్తూ ఆరోగ్యం చెడి, స్నేహితులు దూరమై, జైలు భయంతో కాలం గడిపింది. 1975లో ఆరోపణలను ఉపసంహరించారు. ఆ తరువాత కూడా 1976లో ఈమెను జైలుకో, మానసిక వైద్యశాలకో పంపే ఉద్దేశంతో గార్డియన్ కార్యాలయం ఆపరేషన్ ఫ్రీక్అవుట్ అనే మరొక పథకం సిద్ధం చేసింది. 1977లో బయటపడిన సంస్థ పత్రాల వలన బెదిరింపు ఉత్తరాల వెనుక గార్డియన్ కార్యాలయమే ఉన్నట్లు తేలింది. 1985లో ఉభయపక్షాలు రాజీపడ్డాయి.

ఆపరేషన్ స్నో వైట్

1973 ఏప్రిల్‌లో హబ్బర్డ్ స్నో వైట్ అనే పథకానికి ఆదేశాలు వ్రాశాడు. వివిధ దేశాల ప్రభుత్వ దస్త్రాలలో సంస్థను గురించిన తప్పుడు నివేదికలను చట్టబద్ధంగా తొలగింపజేయడం దీని ప్రకటిత లక్ష్యం. గార్డియన్ కార్యాలయం చేతిలో ఇది క్రమంగా దొంగతనంగా మారింది. సభ్యులు ఆదాయపు పన్ను శాఖలో, న్యాయశాఖలో ఉద్యోగులుగా చేరి, రాత్రివేళ కార్యాలయాలలో ప్రవేశించి, వేలాది పత్రాల నకళ్ళు తీసుకుపోయారు.

1976 జూన్‌లో వాషింగ్టన్ న్యాయస్థాన భవనంలోని గ్రంథాలయంలో ఇద్దరు సభ్యులు నకిలీ గుర్తింపు పత్రాలతో అధికారుల కంటపడ్డారు. వారిలో ఒకడైన మైకేల్ మైస్నర్‌ను సంస్థ సంవత్సరంపాటు దాచి, చివరకు కాపలాలో ఉంచింది. అతడు తప్పించుకొని 1977 జూన్‌లో లొంగిపోయి వివరాలన్నీ చెప్పాడు. 1977 జూలై 8న నూరుమందికి పైగా ఎఫ్.బి.ఐ. అధికారులు లాస్ ఏంజిలెస్, వాషింగ్టన్ కేంద్రాలపై ఏకకాలంలో దాడి చేశారు. దొరికిన పత్రాలలో దొంగిలించినవే కాక, కూపర్, కజారెస్ తదితరులపై పన్నిన పథకాలు కూడా ఉన్నాయి.

మేరీ స్యూతో సహా పదకొండుమందిపై 1978లో నేరారోపణ జరిగింది. 1979 డిసెంబరులో మేరీ స్యూకు ఐదు సంవత్సరాల జైలు శిక్ష, పదివేల డాలర్ల జరిమానా విధించారు. అప్పీళ్ళు విఫలమైన తరువాత 1983 నుండి ఒక సంవత్సరం జైలులో గడిపింది. హబ్బర్డ్‌ను నేరారోపణ చేయబడని సహకుట్రదారుగా పేర్కొన్నారు. సంస్థ ఈ చర్యలను కొందరు దారితప్పిన వ్యక్తుల పనిగా ప్రకటించి, 1983లో గార్డియన్ కార్యాలయాన్ని రద్దుచేసింది. దాని స్థానంలో ప్రత్యేక వ్యవహారాల కార్యాలయం ఏర్పడింది.

అజ్ఞాతవాసం, మరణం

1980 ఫిబ్రవరిలో హబ్బర్డ్ ఇద్దరు నమ్మకస్థులతో అజ్ఞాతంలోకి వెళ్ళిపోయాడు. భార్యను వెంట తీసుకొనిపోలేదు. ఆ తరువాత బహిరంగంగా ఎన్నడూ కనిపించలేదు. 1982లో పెద్ద కుమారుడు తండ్రి మరణించి ఉంటాడని, ఆస్తిని తనకు అప్పగించాలని దావా వేయగా, హబ్బర్డ్ జీవించే ఉన్నాడని 1983లో న్యాయస్థానం తీర్పునిచ్చింది. ఈ కాలంలో బ్యాటిల్‌ఫీల్డ్ ఎర్త్ అనే పెద్ద నవలను, పది సంపుటాల మిషన్ ఎర్త్‌ను వ్రాశాడు.

1984లో మరొక కేసు ఇతని జీవిత చరిత్రనే ప్రశ్నించింది. సంస్థ తరఫున హబ్బర్డ్ పత్రాలను సేకరించిన జెరాల్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్, అధికారిక కథనానికి, పత్రాలకు పొంతన లేదని గమనించి సంస్థను విడిచాడు. పత్రాలు తీసుకుపోయాడని సంస్థ అతనిపై దావా వేసింది. కాలిఫోర్నియా న్యాయమూర్తి పాల్ బ్రెకెన్‌రిడ్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్షాన తీర్పు చెబుతూ, హబ్బర్డ్ స్వభావాన్ని, సంస్థ పద్ధతులను తీవ్రంగా విమర్శించాడు.

చివరి సంవత్సరాలు కాలిఫోర్నియాలోని క్రెస్టన్ సమీపాన ఒక పశువుల క్షేత్రంలో గడిచాయి. పక్షవాతంతో 1986 జనవరి 24న మరణించాడు. భౌతికకాయాన్ని దహనం చేసి, బూడిదను పసిఫిక్ మహాసముద్రంలో కలిపారు. పరిశోధనలు కొనసాగించడం కోసం హబ్బర్డ్ స్వచ్ఛందంగా శరీరాన్ని విడిచాడని డేవిడ్ మిస్కావిజ్ అనుచరుల సభలో ప్రకటించాడు. సంస్థ నాయకత్వం తరువాత ఇతనికే దక్కింది.

మరణానంతరం

శత్రువుల విషయంలో హబ్బర్డ్ వ్రాసిన ఆదేశాలు సంస్థలో పవిత్ర గ్రంథాలతో సమానం. వాటిని మార్చే అధికారం ఎవరికీ లేదు. 1986లో మాజీ సభ్యుడు లారీ వొలర్‌షీమ్‌కు మూడు కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని జ్యూరీ నిర్ణయించింది. 1989లో అప్పీలు న్యాయస్థానం ఆ మొత్తాన్ని 25 లక్షలకు తగ్గించింది. అయితే విడిచిపోయినవారిని వేధించడం మతాచారమే అయినా, రాజ్యాంగ రక్షణ దానికి వర్తించదని స్పష్టం చేసింది. సంస్థ ఆ సొమ్మును వడ్డీతో కలిపి 2002లో చెల్లించింది.

మరొకవైపు, సంస్థ, దాని సభ్యులు ఆదాయపు పన్ను శాఖపై వేసిన వేలాది దావాల అనంతరం 1993 అక్టోబరులో అమెరికాలో పన్ను మినహాయింపు తిరిగి లభించింది. ఈ పోరాట పద్ధతి ఫలించిన సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

అంచనా

హబ్బర్డ్‌కు నిజమైన ప్రత్యర్థులు లేకపోలేదు. కొన్ని ప్రభుత్వాలు అవసరానికి మించి కఠినంగా వ్యవహరించాయి. కానీ ఇతని సిద్ధాంతం నిజమైన ప్రత్యర్థికి, ప్రశ్న అడిగినవానికి, విడిచిపోయిన మిత్రునికి మధ్య తేడా చూడలేదు. ఒక రచయిత్రి, ఒక మేయరు, ఒక గుమాస్తా అందరూ ఒకే కుట్రలోని భాగస్థులుగా కనిపించారు. సైంటాలజీకి దాని చరిత్రలో అత్యంత నష్టం కలిగించిన ఆధారాలను విమర్శకులు కనుగొనలేదు. అవి సంస్థ తన సొంత బీరువాలలో భద్రపరచుకున్న కాగితాలు. శత్రువులను వెతికే పనిలో నియమించబడినవారే వాటిని వ్రాశారు. ఆ పనికి జైలు శిక్ష అనుభవించినవారిలో స్థాపకుని భార్యే ఉన్నది. స్థాపకుడు మాత్రం చివరి ఆరు సంవత్సరాలు ఎవరికీ కనబడకుండా దాగి జీవించాడు.

ముఖ్య రచనలు

బక్‌స్కిన్ బ్రిగేడ్స్ (1937)
ఫైనల్ బ్లాకవుట్ (1940)
ఫియర్ (1940)
డయానెటిక్స్ (1950)
బ్యాటిల్‌ఫీల్డ్ ఎర్త్ (1982)
మిషన్ ఎర్త్, పది సంపుటాలు (1985-1987)